బతికున్న మనిషికి పటం

డ్రైవరుకు గుండె గట్టిగా ఉండాలంటారు. నాది గట్టిదే. ఒకసారి వి.కోట దాటాక ఏనుగు రోడ్డుకు అడ్డంగా నిలబడితే ఇంజను ఆపేసి, అది కదిలేదాకా చెనక్కాయలు నములుతూ కూర్చున్నవాణ్ణి. అలాంటి నేను పోయిన వానాకాలం పట్టపగలు, కుప్పం బస్టాండులో, నిలబడి ఉన్న బస్సులో స్టీరింగు పట్టుకుని వణికిపోయాను. ఆ రోజు తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దానికంతటికీ కారణం మా కండక్టరు మునీశ్వరి. ఆమెను తిట్టాలో, ఆమెకు దండం పెట్టాలో నాకింకా తేలలేదు. అందుకే ముందు ఆమె సంగతి చెబుతాను.

మునీశ్వరిది కురబలకోట దగ్గర పల్లె. నాన్న గొర్రెలు కాసేవాడు, అమ్మ టమోటా కోతలకు కూలికి పోయేది. వాళ్లింట్లో నెల జీతమనే మాట మొదట వినిపించింది ఈమెవల్లే. మదనపల్లెలో బయల్దేరి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే సర్వీసు మాది. స్టీరింగు నాది, విజిలు ఆమెది. నా పేరు మురళి. నా నోరు కాస్త దురుసని డిపోలో అందరికీ తెలుసు. ఆమెకు భూమికున్నంత ఓపిక. లేకపోతే ఒకే బండిలో ఇన్నేళ్లు నెగ్గుకొచ్చేవాళ్లం కాదు.

ఆమెకు ఒక పిచ్చి ఉంది. బస్సు ఆగిన చోటల్లా ఫోను తీసి ఎవరెవరినో ఫోటోలు తీస్తుంది. చుట్టాలు కాదు, స్నేహితులు కాదు, దారిన పోయేవాళ్లు. మదనపల్లె మార్కెట్లో టమోటా బాక్సు మీద తల పెట్టుకుని కునుకు తీసే హమాలీ. పుంగనూరులో ముసలి పెళ్లానికి అరటిపండు వలిచి ఇచ్చే ముసలాయన. వాళ్లకు తెలియకుండా తీస్తుంది. తీశాక పోయి చూపిస్తుంది. వద్దన్నవాళ్ల కళ్లముందే తుడిపేస్తుంది. సరేనన్నవాళ్లకు ఆ ఫోటో కాగితం మీద అచ్చు వేయించి, మళ్లీ కనబడినప్పుడు చేతిలో పెడుతుంది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

"ఏం మునీశ్వరమ్మా, హార్స్‌లీ కొండ అంత దగ్గిర ఉండాది. పోయి మంచు తియ్, పూలు తియ్. ఈ చెమట మొగాలు యాల?" అన్నాను ఒకసారి టీ తాగుతూ.

"కొండని అందురూ తీస్తారన్నా. ఈళ్లని ఎవురు తీస్తారు?" అంది.

అసలు విషయం తర్వాత చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ డిపోకు వచ్చి, తన మొగుడు ఇంటికి రాలేదనీ, రోజూ ఈ బస్సులోనే వస్తాడనీ ఏడ్చిందట. నిన్న ఎక్కాడా, ఎక్కడ దిగాడు, చొక్కా ఏ రంగు అని అడిగితే మునీశ్వరికి ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదట. ఆయన ఏదో చుట్టాలింట్లో ఉండి క్షేమంగానే తిరిగొచ్చాడు. కానీ ఈమె మాత్రం బిత్తరపోయింది. "ఏండ్ల తరబడి ఆయనకి టికెట్టు కొట్టినానన్నా. నాకు చెయ్యి గుర్తుండాది, మొగం గుర్తులేదు. నేను మనుషుల్ని సూడటంలేదు, చేతుల్ని సూస్తాండాను," అంది. అప్పటినుంచి మొదలైంది ఈ ఫోటోల వ్యవహారం.

నేను ఎగతాళి చేస్తూనే వచ్చాను. ఆ హమాలీకి ఫోటో ఇచ్చిన రోజు మాత్రం నా నోరు మూతపడింది. వాడు ఆ కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని అలాగే బాక్సు మీద కూలబడ్డాడు. "ఇది నేనా?" అన్నాడు. మళ్లీ చూసి, "నేను నిద్దర్లో ఇంత నెమ్మదిగా ఉంటానా అమ్మా?" అన్నాడు. మావైపు జనానికి ఫోటో అంటే చేతులు దించి కర్రలా నిలబడటమే. ఎవరూ చూడనప్పుడు తాము ఎలా ఉంటారో వాళ్లెప్పుడూ చూసుకోలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది, తట్టి ఆశ్చర్యపోయాను.

ఆ ఫోటోలన్నిటిలో నాకు నచ్చింది సిద్ధమ్మది. సిద్ధమ్మ కుప్పం బస్టాండులో బుట్ట పట్టుకుని కిటికీ కిటికీకీ తిరుగుతూ ఉడకేసిన చెనక్కాయలు అమ్ముతుంది. మహా గయ్యాళి. కొలతలో ఒక్క కాయ ఎక్కువ వేయదు. ఒకరోజు ఎవరిదో మేక వచ్చి ఆమె బుట్టలో మూతి పెట్టింది. తరమాల్సింది పోయి, ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్లు మూతలు పడేలా నవ్వింది. మునీశ్వరి ఆ నవ్వును పట్టేసింది. "ఈమెకి చిన్న కాయితం గాదన్నా, పటమే కట్టించి ఇస్తా," అంది. అందుకని సిద్ధమ్మకు అప్పుడే చూపించలేదు.

మా డిపోలో ఒక ఆఫీసరు ఈ ఫోటోలు చూసి, మదనపల్లె బస్టాండు వెయిటింగ్ హాల్లో కొన్నాళ్లు తగిలించుకోమని అనుమతి ఇచ్చాడు. మునీశ్వరి ఆనందం అంతా ఇంతా కాదు. సిద్ధమ్మ నవ్వుతో కలిపి మంచివి ఒక డజను ఏరి, పెద్దగా అచ్చు వేయించి, పుంగనూరులో అబ్దుల్ జబ్బార్ అంగట్లో ఇచ్చింది. జబ్బార్‌ది పటాలు కట్టే పని. గోడల మీద ఒకవైపు దేవుళ్లు, ఒకవైపు పెళ్లి జంటలు, మూడోవైపు పోయినవాళ్లు. నేను హారను కొడుతుంటే ఆమె ఆ ఫోటోలు ఆయన చేతిలో పెట్టి, "బాగా మర్యాదగా కట్టు భాయ్. సూసినోళ్లకి నిలబడి దండం పెట్టాలనిపించాల," అని చెప్పి పరిగెత్తుకుంటూ వచ్చి బస్సెక్కింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మావైపు గోడ మీద ఒంటరి మనిషి ముఖం పెద్దగా వేలాడుతోందంటే ఆ మనిషి లేడని అర్థం. బతికుండగా ఎవరూ అలా పటం కట్టించుకోరు, అశుభమంటారు. మనిషి పోయాక, దినం దగ్గరపడుతుంటే, ఇంట్లో ఉన్న ఏదో ఒక ఫోటోను పెద్దది చేయించి పటం కట్టించి దండ వేస్తారు. ఇది జబ్బార్‌కు తెలుసు, నాకు తెలుసు, మునీశ్వరికీ తెలుసు. తెలిసీ ఆమెకు ఆ క్షణాన తట్టలేదు. ఆమె కళ్లకు ఆ ముఖాలన్నీ అంత ప్రాణంతో కనబడేవి మరి.

ఇక ఆ రోజు సంగతి.

పుంగనూరులో ఒక పెద్దాయన ఎక్కి, నా వెనక కిటికీ పక్కన కూర్చున్నాడు. తెల్ల పంచె. అప్పుడే గీయించుకున్న గుండు, తెల్లగా మెరుస్తోంది. ఒళ్లో తువ్వాలుతో చుట్టిన పలకలాంటిదేదో ఉంది. కుప్పానికి టికెట్టు తీసుకున్నాడు. ఎవరో పోయారు పాపం అనుకుని ఊరుకున్నాం. వి.కోట దాటాక, తుంపర మొదలయ్యాక, ఆయన తువ్వాలు విప్పి లోపలిదాన్ని తుడవడం మొదలుపెట్టాడు. మునీశ్వరి నా దగ్గరికి వస్తూ అటు చూసింది. ఆమె నోట్లో విజిలు జారి కింద పడిన చప్పుడు నాకు వినబడింది.

అద్దంలోకి చూశాను. నా పై ప్రాణం పైనే పోయింది. ఆయన ఒళ్లో ఉన్నది సిద్ధమ్మ పటం. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మెడలో గంధపు దండ.

"ఎవురప్పా ఈమె?" అంది మునీశ్వరి.

"మా అక్కమ్మా. సిద్ధక్క. పొయ్యింది."

"ఈ పటం యాడిది?"

"జబ్బార్ సాయిబు అంగట్లో గోడకి ఉండె. నిన్న సంతకని పొయ్యింటి. దారిన పోతాంటే అక్క నవ్వినట్లాయ. తిరిగి సూస్తే దండేసుండాది. ఆడనే కూలబడిపొయినా. మా అక్క అంటే ఆ సాయిబు గూడా ఏడ్సి, తీస్కపో అప్పా అని చేతిలో పెట్టినాడు."

ఆయన పేరు గంగులప్ప. పుంగనూరు పక్క పల్లె. తుడిచిందే తుడుస్తూ చెప్పుకుపోయాడు. మావైపు అక్క కూతురు తమ్ముడికే అన్నది పుట్టుకతో ఖాయమయ్యే మాట. సిద్ధమ్మ కూతురు రాణి ఈయనకే అని ఊరంతా అనుకుంది. రాణి పదో తరగతి పాసయ్యాక నేను చదువుకుంటాను, మామను చేసుకోనంది. సిద్ధమ్మ కూతురి పక్షాన నిలబడింది.

"నలుగుర్లో నా మాట పొయ్యె. నీ సావుకి నేను రాను, నా సావుకి నువ్వు రావొద్దు, బతికుండగా నీ మొగం సూడను అన్నా. ఆమె గూడా సరే పోరా అనె. బిడ్డని తీసుకోని కుప్పం బొయ్యింది. నేను మళ్లా పెండ్లే సేసుకోలే, ఆమె మొగమూ సూళ్లే."

"మరి ఇప్పుడు పోతాండావే అప్పా?"

"కొడుకు లేని మనిసమ్మా. తమ్ముడు గాక ఎవురు సేస్తారు? కొరివికి ఎట్లా అందలే. పటం కట్టించినారంటే దినం దగ్గిరపడినట్లే గదా, దానికన్నా అందుతా. రాణి నాకొక మాట గూడా సెప్పలే సూడు." ఆయన కన్నీళ్లు పటం అద్దం మీద పడ్డాయి. మళ్లీ తుడిచాడు.

ముందురోజు సాయంత్రమే నేను ఆ సిద్ధమ్మ దగ్గర చెనక్కాయలు కొన్నాను. బతికున్న మనిషి కోసం ఒక మనిషి గుండు గీయించుకుని నా బస్సులో కూర్చుని ఏడుస్తున్నాడు. ఇలాంటిది ఎక్కడైనా విన్నామా, కన్నామా?

మునీశ్వరి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. "అప్పా, నిబ్బరంగా ఇను. మీ అక్క బతికే ఉండాది. ఈ ఫోటో తీసింది నేనే. పటం కట్టమనిందీ నేనే. దండ ఎట్లొచ్చిందో నాకు తెలీదు."

"దండేసుండాది గదమ్మా," అన్నాడాయన, ఓదారుస్తోంది కాబోలు అనుకుని.

"రేయ్ అప్పా, నిజమే!" అని నేను అరిచాను. "నిన్న సాయంత్రం ఉప్పు ఎక్కువేసిందని ఆమెతో కొట్లాడినా గూడా! సచ్చిన మనిషి తిట్లు గావు అవి!"

వెనక సీట్లో ఒక అవ్వ, "సచ్చినారని మాట పుడితే ఆయుస్సు పెరుగుతాదంటారు. మంచిదేలే నాయనా," అంది. గంగులప్ప మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన ముఖం రాయిలా గట్టిపడింది. పటాన్ని తువ్వాలులో చుట్టాడు. లేచి నిలబడ్డాడు.

"బస్సాపండప్పా. దిగిపోతా."

"యాల?"

"సచ్చినాదని వస్తాండా. బతికుండే మనిషి మొగం సూడనని మాటిచ్చినా. మాటంటే మాటే."

నేను నివ్వెరపోయాను. ఆ వెంటనే ఒళ్లు మండింది. చెయ్యెత్తిన ప్రతివాడికీ బస్సు ఆపి అధికారుల చేత చీవాట్లు తినేవాణ్ణి నేను. "ఈడ స్టేజీ లేదు. ఆపను," అన్నాను.

"ముందు స్టేజీలో ఆపు."

"ఆడా ఆపను."

ముందు స్టేజీలో దిగాల్సిన వాళ్లు ఇద్దరున్నారు. వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మాకేం తొందర లేదన్నా, కుప్పందాకా పోనీ. తిరుగు బస్సుకొస్తాం," అన్నారు. గంగులప్ప తలుపు దగ్గరికి నడిచాడు. మునీశ్వరి ఫుట్‌బోర్డు మీద తలుపుకు వీపు ఆనించి నిలబడింది. "నన్ను తోసి దిగప్పా," అంది. ఆయన ఆడమనిషి మీద చెయ్యి వేసే రకం కాదు. వచ్చి కూర్చున్నాడు. కిటికీవైపు ముఖం తిప్పుకున్నాడు.

మునీశ్వరి అప్పుడు జబ్బార్‌కు ఫోను చేసింది. నా పక్కనే నిలబడి చేసింది కాబట్టి నాకంతా వినబడింది.

"యా అల్లా! అందురూ బతికే ఉండారామ్మా?" అన్నాడు జబ్బార్.

"అందురూ, భాయ్."

"నేను బస్సు యాక్సిడెంట్ అనుకుంటినమ్మా! కండక్టరమ్మ ఒకే తూరి ఇంతమంది మొగాలు తెచ్చిస్తివి, మర్యాదగా కట్టమంటివి, దండం పెట్టాలంటివి. దుఃఖంలో ఉండే మనిషిని ఏమని అడిగేది అని అడగలే. దండలు నా తరపునే ఏస్తి. బతికినోళ్లకి పెద్ద పటం ఎవురు కట్టిస్తారమ్మా?" ఆయన ఫోనులోనే బోరుమన్నాడు. మిగతా పటాల దండలు ఇప్పుడే తీసేస్తానని పెట్టేశాడు.

మునీశ్వరి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా ఫోటో వల్ల ఒక మనిషి గుండు గీయించుకున్నాడన్నా. ఇంక నేను ఎవురినీ తీయను," అంది.

కుప్పం బస్టాండులో బండి ఆపాను. తుంపర ఆగింది. గంగులప్ప కదల్లేదు, ముఖం మాత్రం కిటికీ మీంచి లోపలికి తిప్పుకున్నాడు. ఇదే బస్సులో వెనక్కి పోతానన్నాడు. సిద్ధమ్మ ఎప్పటిలాగే బుట్ట చంకన పెట్టుకుని, "ఉడకేసిన చెనక్కాయలప్పా, వేడిగుండాయి," అంటూ ముందు కిటికీ దగ్గరికి వచ్చింది. వచ్చి, తలెత్తి, ఆగిపోయింది.

"గంగులూ?"

ఆయన ఆమెవైపు తిరగలేదు. కానీ ఆమె చూపు ఆయన తల మీద పడింది. గుండు అంటే మావైపు ఇంట్లో ఎవరో పోయినట్టు, లేదా తిరుమల కొండకు పోయి వచ్చినట్టు. ఆయన నొసట నామం లేదు. ఆమె చేతిలోంచి కొలత డబ్బా జారిపోయింది.

"ఎవుర్రా? ఎవురు పొయినార్రా? చిన్నాయనా? పిన్నమ్మా? నోరు తెరిసి సెప్పరా! ఎవురు పొయినార్రా మనోళ్లలో?"

గంగులప్ప ఆమెవైపు తిరిగాడు.

"నువ్వేక్కా," అన్నాడు.

అనేసి కిటికీ చువ్వలకు నుదురు ఆనించి చిన్నపిల్లాడిలా వలవలా ఏడ్చాడు. ఏడుస్తూనే తువ్వాలు విప్పి పటం చూపించాడు. సిద్ధమ్మ ఆ నవ్వును చూసింది, ఆ దండను చూసింది. నాతో ఇన్నేళ్లు ఒక్క మాటకు పది మాటలు తిరగేసిన మనిషి, రాయిలా నిలబడిపోయింది. అప్పుడే నేను స్టీరింగు పట్టుకుని వణికింది. ఆ తర్వాత ఆమె చువ్వల మధ్యనుంచి చెయ్యి దూర్చి తమ్ముణ్ణి భుజం మీద, చెంప మీద, ఎక్కడ అందితే అక్కడ కొట్టడం మొదలుపెట్టింది.

"సచ్చినానని గుండు గీయించుకోని వస్తివే! బతికుండానని ఒక్కనాడన్నా వస్తివేరా? ఒక్కనాడన్నా?"

బస్సులో ఏడవని మనిషి లేడు. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

ఎవరు దించారో తెలియదు, గంగులప్ప కిందికి దిగాడు. సిద్ధమ్మ పటం మీది దండను తెంచి బుట్టలో పడేసింది. "నేను ఇట్ల నవ్వతానా?" అంది ఎవర్నో అడిగినట్టు. మునీశ్వరి చేతులు జోడించి ముందుకు వచ్చింది, తప్పయిపోయిందంది.

"నీది తప్పేందమ్మా," అన్నాడు గంగులప్ప. "ఊరికే నిలబెట్టి తీసుంటే నేను గుర్తే పట్టకపోదును. ఈ మనిషి ముసిలిదైపొయింది. నేను గుర్తుపట్టింది నవ్వుని. చిన్నప్పుడు నేను గాడిద మింద నుంచి పడితే, లేపేది పోయి ఇట్లనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని నవ్వింది."

"అయితే ఇంగొకటి తియ్," అంది సిద్ధమ్మ. "వీడి గుండు బాగా కనపడేట్ల."

ఇద్దరూ చేతులు దించి, రెండు గుంజల్లా నిలబడ్డారు. మునీశ్వరి ఫోను ఎత్తింది, చూసింది, దించేసింది. కళ్లు తుడుచుకుని ఊరికే నిలబడింది. అయిపోయిందనుకుని గంగులప్ప బుట్టలోంచి నాలుగు కాయలు తీసి నోట్లో వేసుకున్నాడు. "రేయ్, అది యాపారంరా!" అని సిద్ధమ్మ ఆ గుండు మీద తడి చేత్తో ఒక్కటి వేసింది. మునీశ్వరి అప్పుడు తీసింది.

బస్సు తిరుగు ప్రయాణానికి హారను కొట్టాను. గంగులప్ప ఎక్కబోతే సిద్ధమ్మ పంచె కొస పట్టుకుంది. "ఈ గుండుతో ఊరికి పోతే ఎవురు పొయినారని అడగరా? ఏం సెప్తావు? జుట్టు మొలిసేదాకా ఈడనే ఉండు," అంది. రాణి ఇప్పుడు కుప్పంలోనే అంగన్‌వాడీ టీచరు. ఆ సాయంత్రం మామకు అన్నం పెట్టింది ఆమేనట.

మదనపల్లె బస్టాండులో పటాలు తగిలించారు. జబ్బార్ తనే పుంగనూరు నుంచి వచ్చి మేకులు కొట్టాడు. దండలు లేవు. పోతూ పోతూ ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు వేలాడదీశాడు: "వీళ్లందరూ బతికే ఉన్నారు." అది చదివి ఉలిక్కిపడని ప్రయాణికుడు లేడు. ఉలిక్కిపడి, మళ్లీ ఆ ముఖాల్ని ఒక్కొక్కటిగా చూస్తారు.

కుప్పంలో ఇప్పుడు బస్సుకు ఒకవైపు సిద్ధమ్మ, ఇంకోవైపు గంగులప్ప అరుస్తూ తిరుగుతుంటారు. ఉప్పు ఇప్పటికీ ఎక్కువే. మొన్న ఆయన తల చూశాను, దువ్వెన పట్టేంత జుట్టు వచ్చింది. "ఊరికెప్పుడు పోతావప్పా?" అని అడిగాను.

తల నిమురుకుని, "ఇంగా మొలవనీలేప్పా," అన్నాడు.